పాత నెగటివ్‌ల స్కానింగ్, పెద్ద ప్రింట్లు: క్వాలిటీకి పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

కాకినాడ_క్లిక్స్ | సోమవారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. స్టూడియోలో 120 రోల్ (35 ఎంఎం కన్నా వెడల్పైన ఫిల్ము) బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లు, 35 ఎంఎం నెగటివ్‌లు పెట్టెల కొద్దీ ఉన్నాయి. స్లైడ్లు కూడా కొన్ని. అమ్మమ్మ పెళ్లి ఫొటో, తాతగారి ఒంటరి ఫొటో పెద్దది కావాలని అడిగేవాళ్లు బాగా పెరిగారు. ఎక్కువమంది 12×18 అంగుళాలు అడుగుతారు, అప్పుడప్పుడు 20×30 ఫ్రేమ్. ప్రస్తుతం ఉన్నది నెగటివ్ లైట్ ఉన్న మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్. బయట ఇస్తే నార్మల్, హై అని రెండు రేట్లు, హై మూడు రెట్లు. అంత పెట్టి స్కాన్ చేయించడం, మంచి పేపర్ మీద ప్రింట్ వేయించడం గిట్టుబాటవుతుందా? లేక కస్టమర్‌కి తేడా తెలియదా? లెక్కలతో చెప్పండి.

లైట్‌టేబుల్ | సోమవారం ఉదయం 11:05

ముందు ప్రింటు సైజు రాసుకోండి, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టండి.

చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. 12×18 అంటే 3600×5400, సుమారు 19 మెగాపిక్సెళ్లు. 35 ఎంఎం ఫ్రేమ్ 24×36 మి.మీ. ఉంటుంది. దాన్ని 4000 పీపీఐలో (అంగుళానికి 4000 పిక్సెళ్లు) స్కాన్ చేస్తే 3780×5669 వస్తుంది. 12×18కి అచ్చంగా సరిపోయింది, క్రాప్‌కి పెద్దగా ఏమీ మిగల్లేదు. 120 రోల్ 6×6 ఫ్రేమ్ నిజం కొలత 56×56 మి.మీ. దానికి 2400 పీపీఐ చాలు, పక్కకి 5291 పిక్సెళ్లు వస్తాయి. 12×12 ప్రింటుకి 3600 చాలు, 20×20 వేసినా అంగుళానికి 264 పడతాయి.

కాబట్టి మీ 120 నెగటివ్‌లకి మంచి ఫ్లాట్‌బెడ్ సరిపోతుంది, 35 ఎంఎంకి సరిపోదు. రెండింటికీ ఒకే రేటు, ఒకే మెషీన్ అనుకోవడం దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

ఇక పెట్టె మీద రాసిన అంకెల సంగతి. ఎప్సన్ వి850 అనే ఫ్లాట్‌బెడ్ మీద 6400 పీపీఐ అని ఉంటుంది. అది నిజంగా విడదీసి చూపేది సుమారు 2300. వి600 మీదా 6400 అనే ఉంటుంది, నిజం 1500 చుట్టూ. 35 ఎంఎం కోసమే చేసిన ప్లస్‌టెక్ 8200 రకం 7200 అంటుంది, వచ్చేది 3000 పైచిలుకు. పాత నికాన్ కూల్‌స్కాన్ 5000 మాత్రం 4000 అని చెప్పి దాదాపు అంతా ఇస్తుంది. అందుకే ఎప్పుడో తయారీ ఆగిపోయినా సెకండ్ హ్యాండ్‌లో దానికి ఇంకా గిరాకీ.

వి850లో 35 ఎంఎం ఫ్రేమ్‌ని 6400లో స్కాన్ చేస్తే 16 బిట్ టిఫ్ (నాణ్యత తగ్గించకుండా దాచే రకం) ఫైలు 330 ఎంబీ దాకా వస్తుంది. అందులో అసలు సమాచారం 7 మెగాపిక్సెళ్లంత. 300 చొప్పున లెక్కేస్తే 7×11 అంగుళాలు. 8×12 దాకా ధైర్యంగా వేయొచ్చు, 12×18కి మెత్తబడుతుంది.

మీ స్కానర్ నిజం ఎంతో తెలుసుకోవాలంటే యూఎస్ఏఎఫ్ 1951 టెస్ట్ టార్గెట్ (సన్నబడుతూ పోయే గీతల గుంపులున్న పలక) ఒకటి తెప్పించుకోండి. గీతలు విడివిడిగా కనిపించే ఆఖరి గుంపు చూసి, మిల్లీమీటరుకి ఎన్ని గీత జంటలో చూసి, 50.8తో గుణించండి. 5వ గ్రూపు 4వ ఎలిమెంట్ అంటే 45 జంటలు, సుమారు 2300 పీపీఐ.

వైజాగ్_వ్యూ | సోమవారం ఉదయం 11:40

ఇంత అవసరమా అన్నా? ల్యాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ మీద నెగటివ్ పెట్టి ఫోన్‌తో తీసి, ఏఐ అప్‌స్కేలర్‌లో నాలుగు రెట్లు చేస్తే 12×18 వస్తోంది. కస్టమర్లు బాగుందనే అంటున్నారు.

చీకటిగది | సోమవారం మధ్యాహ్నం 12:26

వాట్సాప్‌లో పంపడానికి ఆ పద్ధతి చాలు. ఇంట్లో గోడకి తగిలించే ఫొటోకి మాత్రం వద్దండి. అప్‌స్కేలర్‌కి లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది? అది నేర్చుకున్న వేరే ముఖాల నుంచి తెచ్చి అతికిస్తుంది. కనురెప్పలు, పెదవుల అంచు, పళ్ల వరస మారిపోతాయి. ముఖం అందంగానే ఉంటుంది, కానీ అది వాళ్ల నాయనమ్మ ముఖం కాదు. పక్కింటివాళ్లు గుర్తుపట్టరు, సొంత కూతురు పట్టేస్తుంది.

120 నెగటివ్‌లో ఒక పెళ్లికూతురి వడ్డాణం దగ్గర 100 శాతానికి జూమ్ చేసి చూడండి. మంచి స్కాన్‌లో నగిషీలో ఒక్కో రాయి, జరీ అంచులో మామిడి పిందె, ముక్కుపుడక పక్కన పడిన చిన్న నీడ కూడా కనిపిస్తాయి. ఇవన్నీ ఫిల్ములో ఉన్నవే. అప్‌స్కేలర్ ఫైలులో అదే వడ్డాణం మెరిసే చుక్కల గొలుసైపోతుంది. ఉన్నదాన్ని బయటికి తీయగలిగినప్పుడు లేనిదాన్ని కల్పించడం ఎందుకు?

మాక్రో_మేడ | సోమవారం మధ్యాహ్నం 2:15

స్కానరే కొనాలని లేదు. పెళ్లిళ్లు తీసే స్టూడియో అంటే 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఎలాగూ ఉంటుంది. 1:1 మాక్రో లెన్స్ (వస్తువుని అసలు సైజులోనే సెన్సర్ మీద పడేసేది) చేరిస్తే ఫ్రేమ్ నిండా తీసిన 35 ఎంఎం నెగటివ్‌కి 6000 పిక్సెళ్లు, అంటే సుమారు 4200 పీపీఐ. కావాల్సినవి ఇవి: కాపీ స్టాండు గానీ తలకిందులుగా బిగించే గట్టి ట్రైపాడ్ గానీ, ఫిల్మ్ హోల్డరు, సీఆర్ఐ (రంగుల్ని ఎంత సరిగ్గా చూపుతుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న ఎల్ఈడీ ప్యానెల్, చిన్న అద్దం ముక్క.

అద్దం ఎందుకంటే, నెగటివ్ ఉండే చోట అద్దం పెట్టి వ్యూఫైండర్‌లోంచి చూస్తే లెన్స్ ప్రతిబింబం కనిపిస్తుంది. అది సరిగ్గా నడిమధ్యలో ఉంటే సెన్సరూ ఫిల్మూ సమాంతరంగా ఉన్నట్టు. ఇది సరిచూడకపోతే ఒక మూల షార్ప్‌గా, ఎదుటి మూల మెత్తగా వస్తుంది. చాలామంది అప్పుడు లెన్స్‌ని తిట్టుకుంటారు.

ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య పెట్టండి, ఐఎస్ఓ 100, రా ఫైలు, లైవ్ వ్యూలో పెద్దది చేసి గ్రెయిన్ (ఫిల్ములోని సన్నని రేణువులు) మీద మాన్యువల్ ఫోకస్. 1:1 దగ్గర ఎఫ్/16కి వెళ్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో కాంతి చెదరడం) వల్ల గ్రెయినే పోతుంది. ఫిల్ము ప్యానెల్‌కి ఆనకుండా మూడు నాలుగు సెంటీమీటర్లు పైన ఉండాలి, లేకపోతే ప్యానెల్ మీద దుమ్ము, ఎల్ఈడీ గళ్లు పడతాయి. నెగటివ్ చుట్టూ కనిపించే వెలుతురంతా నల్ల అట్టతో మూసేయండి, అది లెన్స్‌లోకి కొట్టి కాంట్రాస్ట్ తగ్గిస్తుంది. చవక ప్యానెళ్లు మినుకుతాయి, 1/125 మీద చారలు వస్తాయి. 1/15 కన్నా నెమ్మదిగా, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే, దుమ్ముకీ అదే కారణం, కదలికకీ అదే.

ఎమల్షన్ (బొమ్మ ఉండే పొర) వైపు, అంటే మెరుపు తక్కువ ఉన్న వైపు, లెన్స్‌కి ఎదురుగా పెట్టండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో అడ్డంగా తిప్పాలి. ఫిల్ము అంచున ఉన్న అక్షరాలు సరిగ్గా చదవగలిగితే బొమ్మ సరైన దిక్కున ఉన్నట్టే. ఇది మర్చిపోతే పెళ్లికూతురి పైట కుడి భుజం మీదికి వస్తుంది.

లైట్‌టేబుల్ | సోమవారం మధ్యాహ్నం 3:02

మాక్రో_మేడ గారు చెప్పింది 35 ఎంఎం బ్లాక్ అండ్ వైట్‌కి నూటికి నూరు శాతం ఒప్పుకుంటాను. రెండు చోట్ల జాగ్రత్త. 6×6 ని ఒక్క షాట్‌లో తీస్తే పొట్టి వైపు 4000 పిక్సెళ్లే పనికొస్తాయి, అంటే 1800 పీపీఐ. 12×12కి చాలు, 20×20కి నాలుగు ముక్కలుగా తీసి కుట్టాలి. రెండోది, కలర్ నెగటివ్‌లకి కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ డస్ట్ క్లీనింగ్ (స్కానర్లలో దీన్నే డిజిటల్ ఐస్ అంటారు) ఉండదు. గీతలు పడిన 35 ఎంఎం కలర్ రోల్‌ని చేత్తో స్పాటింగ్ (మచ్చలు ఒక్కొక్కటే చెరపడం) చేస్తూ కూర్చుంటే ఒక్కో ఫ్రేమ్‌కి అరగంట పోతుంది. ఆ అరగంట ఖరీదు కట్టండి, ఐస్ ఉన్న స్కానర్ చవకే అనిపిస్తుంది.

కాకినాడ_క్లిక్స్ | సోమవారం సాయంత్రం 5:30

చాలా థాంక్స్. రెండు సందేహాలు. ఫ్లాట్‌బెడ్‌లో డిజిటల్ ఐస్ ఆన్ చేస్తే కలర్ ఫిల్ము బాగానే వస్తోంది, బ్లాక్ అండ్ వైట్‌లో ముఖాలు కరిగినట్టు, ముఖ్యంగా తెల్ల చొక్కాల దగ్గర మరకలుగా వస్తోంది. స్కానర్ పాడైందా? రెండోది, కొన్ని నెగటివ్‌ల మీద సాలెగూడులాంటి బూజు. నీళ్లలో కడిగి ఆరబెట్టొచ్చా?

చీకటిగది | సోమవారం సాయంత్రం 6:48

నీళ్లు వద్దు. ముందు అది చెప్పాలి కాబట్టి ముందే చెబుతున్నా. బూజు జెలటిన్‌ని (బొమ్మని పట్టి ఉంచే పొర) తింటూ దాన్ని నీళ్లలో కరిగేలా చేసేస్తుంది. మంచి నెగటివ్‌ని నీళ్లలో ముంచితే ఏమీ కాదు. బూజు పట్టినదాన్ని ముంచితే బొమ్మే జారిపోతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లింట్ రాని గుడ్డ లేదా దూది పుల్ల, ముందు అంచున బొమ్మ లేని చోట పరీక్ష. రుద్దకండి, ఒకే దిక్కుగా తేలిగ్గా లాగండి. 70 శాతం శానిటైజర్ రకం వాడొద్దు, మిగతా 30 శాతం నీళ్లే.

కానీ ఆల్కహాల్ సీసా మూత తీసే ముందు ఇంకొకటి చూడాలి. పాత స్టూడియో పోర్ట్రెయిట్ నెగటివ్‌లలో రీటచింగ్ ఉంటుంది. నెగటివ్‌ని టేబుల్ ల్యాంప్ కింద ఏటవాలుగా పట్టుకోండి. కళ్ల కింద, నుదుటి మీద, ముక్కు పక్కన వార్నిష్ పూసినట్టు వేరే మెరుపు, దాని మీద సన్నని పెన్సిల్ చుక్కలు కనిపిస్తాయి. నెగటివ్‌లో పలచగా ఉన్న చోటు ప్రింట్‌లో నల్లబడుతుంది కాబట్టి, ముడతలు, మచ్చలు ఉన్న చోట పెన్సిల్‌తో సాంద్రత పెంచి నునుపు చేసేవాళ్లు. బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా రావడానికి ఎర్ర రంగు పూసినవి కూడా ఉంటాయి. ఆల్కహాల్ తగిలితే ఆ చేతిపని అంతా ఒక్క తుడుపులో పోతుంది. అలాంటివాటిని బ్లోయర్‌తో ఊది, మెత్తని బ్రష్‌తో దులిపి, ఉన్నదున్నట్టు స్కాన్ చేయండి. 2400లో ఆ పెన్సిల్ గీతలు స్పష్టంగా కనిపిస్తాయి, చూసి కంగారు పడొద్దు. అప్పట్లో ఎన్‌లార్జర్ వెలుతురు, పేపర్ కలిసి వాటిని మెత్తబరిచేవి. ఫొటోషాప్‌లో ముఖం వరకే వేరే లేయర్ మీద కొద్దిగా సర్దితే చాలు. మాస్టర్ ఫైలులో మాత్రం అలాగే ఉంచండి, అది ఒక పనివాడి చేతిరాత.

ఐస్ విషయానికొస్తే, స్కానర్‌కి ఏమీ కాలేదు. ఐస్ ఇన్‌ఫ్రారెడ్ కిరణంతో ఇంకోసారి చూస్తుంది. కలర్ ఫిల్ములో బొమ్మ రంగు పదార్థాలతో ఉంటుంది, ఇన్‌ఫ్రారెడ్ వాటిని దాటిపోతుంది, దుమ్మూ గీతలూ మాత్రమే అడ్డుపడతాయి. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మే వెండి. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది. దాంతో మీ పెళ్లికొడుకు తెల్ల చొక్కానే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది, నెగటివ్‌లో ఎక్కువ వెండి ఉండేది అక్కడే. ఐస్ ఆపేయండి. ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 లాంటి, కలర్ కెమికల్స్‌లో డెవలప్ అయ్యే ఫిల్ముకి మాత్రం పనిచేస్తుంది. స్లైడ్లలో కోడాక్రోమ్ ఉంటే దానికీ జాగ్రత్త, ఐస్ సరిగ్గా కుదరదు.

నెల్లూరు_నెగటివ్ | సోమవారం రాత్రి 9:10

సెట్టింగ్స్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి.

16 బిట్‌లోనే స్కాన్ చేయండి. 8 బిట్‌లో ఒక్కో ఛానెల్‌కి 256 మెట్లే. నెగటివ్‌లో బొమ్మ అంతా సన్నని పరిధిలో ఉంటుంది, దాన్ని తిప్పి, సాగదీసినప్పుడు ఆ మెట్లు విడిపోయి ఆకాశంలోనూ బుగ్గల మీదా పట్టీలు పడతాయి. 16 బిట్‌లో 65,536 మెట్లు, ఎంత లాగినా తట్టుకుంటుంది. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో షార్పెనింగ్, ఆటో కలర్, గ్రెయిన్ తగ్గించడం అన్నీ ఆఫ్. హిస్టోగ్రామ్ (వెలుగునీడలు చూపే గ్రాఫ్) రెండు చివర్లా కొద్దిగా ఖాళీ వదలండి, అక్కడ తెగిందంటే తర్వాత ఎవరూ తేలేరు.

కలర్ నెగటివ్‌కి నారింజ రంగు బేస్ ఉంటుంది. ఫ్రేమ్‌ల మధ్య బొమ్మ లేని చోట ఆ రంగుని ఒకసారి తీసుకుని లాక్ చేసి, మొత్తం రోల్‌కి అదే వాడండి. వ్యూస్కాన్ అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ లాక్ ఉంది. ఫ్రేమ్ ఫ్రేమ్‌కి ఆటో వదిలేస్తే ఎర్ర పట్టుచీర ఉన్న ఫ్రేమ్ ఆకుపచ్చగా, పచ్చ పందిరి ఉన్నది ఎర్రగా వస్తుంది, ఆల్బమ్ అంతా ఒక్కో పేజీ ఒక్కో రంగు.

ఫ్లాట్‌బెడ్ గాజుకి ఫిల్ము నునుపు వైపు ఆనితే ఇంద్రధనుస్సులాంటి వలయాలు పడతాయి, న్యూటన్ రింగ్స్. ఎమల్షన్ వైపు గాజుకి పెట్టండి, లేదా యాంటీ న్యూటన్ గాజు వాడండి. హోల్డరు ఎత్తు మార్చే వీలుంటే ఒకే ఫ్రేమ్‌ని ఒక్కో ఎత్తులో స్కాన్ చేసి గ్రెయిన్ ఎక్కడ గట్టిగా ఉందో చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు, కొత్త స్కానర్ కొన్నంత తేడా వస్తుంది.

సేవ్ చేసేటప్పుడు 16 బిట్ టిఫ్‌కి ఎల్‌జెడ్‌డబ్ల్యూ కంప్రెషన్ పెట్టకండి, చాలాసార్లు ఫైలు తగ్గకపోగా పెరుగుతుంది. జిప్ పెట్టండి లేదా ఏదీ వద్దు. 4000లో ఒక 35 ఎంఎం కలర్ ఫ్రేమ్ సుమారు 128 ఎంబీ, వెయ్యి ఫ్రేములకి 128 జీబీ. ఈ రోజుల్లో అది పెద్ద భారం కాదు.

వైజాగ్_వ్యూ | సోమవారం రాత్రి 9:52

నెగటివే లేకుండా పేపర్ ప్రింటు మాత్రమే తెచ్చేవాళ్ల సంగతి? అదీ గరుకు సిల్క్ పేపర్ అయితే స్కాన్‌లో చుక్కలు చుక్కలుగా వస్తోంది.

నెల్లూరు_నెగటివ్ | సోమవారం రాత్రి 10:20

పేపర్ ప్రింటుకి 600 పీపీఐ దాటక్కర్లేదు, అందులో అంతకు మించి ఉండదు. సిల్క్ గరుకుకి ఒక ఉపాయం: ఒకసారి మామూలుగా, ఇంకోసారి ప్రింటుని 180 డిగ్రీలు తిప్పి స్కాన్ చేసి, రెండింటినీ ఒకే దిక్కుకి తెచ్చి 50 శాతంతో కలపండి. స్కానర్ లైటు ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి గుంటల నీడలు ఎదురెదురుగా వచ్చి చాలావరకు కొట్టుకుపోతాయి. ఇంకా బాగా కావాలంటే కెమెరా, రెండు పక్కలా 45 డిగ్రీల్లో లైట్లు, లైట్ల మీద పోలరైజర్ షీట్లు (మెరుపు తగ్గించే ఫిల్టర్లు), లెన్స్ మీద అడ్డంగా తిప్పిన పోలరైజర్. పాత ప్రింట్ల నీడల్లో నీలంగా మెరిసే వెండి పొర కూడా దాంతో అణిగిపోతుంది.

ఓరుగల్లు_ప్రింట్స్ | మంగళవారం ఉదయం 8:35

స్కానింగ్ గురించి మంచిగ చెప్పిన్రు అందరు. ఇగ ప్రింట్ దగ్గర అది పాడు కాకుండ చూసుకోవాలె.

కలర్ ల్యాబ్‌లో నోరిట్సు, ఫ్రాంటియర్ మెషీన్ల మీద ఎక్కువగ వేసేది వెండి పేపర్, అంటే కాంతి పడితే బొమ్మ తేలే వెండి లవణాల ఫొటో పేపర్. రంగు ఫొటోలకి, ఎక్కువ కాపీలకి అదే మేలు, రేటు తక్కువ. ఫైలు ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పరిధిల, 8 బిట్ జేపెగ్ అత్యధిక క్వాలిటీ, కచ్చితమైన సైజులో పంపాలె: 12×18 అంటే 3600×5400. అంతకన్న పెద్ద పరిధి అడోబీ ఆర్‌జీబీలో పంపితే చాలా ల్యాబులల్ల ప్రొఫైల్ చదవరు, రంగులు పాలిపోయి వస్తయి. ఆర్డర్ మీద ‘నో కరెక్షన్’ అని రాయాలె. లేకపోతే ఆపరేటర్ ఆటోలో వేస్తడు, మీరు గంట కూర్చుని సరిచేసిన డెన్సిటీ మెషీన్ మార్చేస్తది.

బ్లాక్ అండ్ వైట్ పెద్ద ప్రింటుకి మాత్రం పిగ్మెంట్ (పొడి రంగు ఇంకు) ఇంక్‌జెట్ వైపు పోండి. కలర్ పేపర్ మీద గ్రే రంగుని మూడు రంగులు కలిపి చేస్తరు, కొంచెం తప్పినా ఆకుపచ్చ గానీ గులాబీ గానీ తేలుతది. ఆరు రంగుల డై (కరిగే రంగు ఇంకు) ట్యాంక్ ప్రింటర్లల్ల కూడా అదే తిప్పలు, ట్యూబ్‌లైట్ కింద ఒక రంగు, కిటికీ దగ్గర ఇంకో రంగు. ఎప్సన్ పీ700, పీ900 లాంటి వాటిల్ల నలుపుతో పాటు గ్రే ఇంకులు వేరేగ ఉంటయి, నీడల్ల మెట్టు మెట్టుగా కాకుండ జారినట్టు వస్తది. పీ700 13 అంగుళాల వెడల్పు, పీ900 17 అంగుళాలు. నెలకి నాలుగు ప్రింట్లు వేసేటోళ్లు కొనొద్దు. వాడకపోతే నాజిళ్లు ఎండుతయి, క్లీనింగ్‌కే ఇంకు తాగుతది. బయట వేయించుకుంటేనే లాభం.

పేపర్: బరైటా (బేరియం పూత ఉన్న మెరుపు పేపర్) మీద నలుపు లోతుగ దిగుతది, కొలిస్తే 2.2, 2.3 డెన్సిటీ (నలుపు ఎంత ముదురో చెప్పే అంకె). కాటన్ మ్యాట్ మీద 1.6 చుట్టూ. పట్టుచీరలు, నగలు, చీకటి బ్యాక్‌గ్రౌండ్ ఉంటే బరైటా. తెల్లని పై కండువా, వెలుతురు ఎక్కువున్న పోర్ట్రెయిట్‌కి 300 జీఎస్ఎం చుట్టూ కాటన్ మ్యాట్ చాలా అందంగ ఉంటది. మ్యాట్‌కి మ్యాట్ బ్లాక్ ఇంకు, డ్రైవర్ల సరైన మీడియా టైప్ పెట్టాలె. అది తప్పితే నలుపు బూడిద రంగైతది.

కాకినాడ_క్లిక్స్ | మంగళవారం ఉదయం 9:20

స్క్రీన్ మీద బాగుండి, ప్రింటులో చీకటిగా వస్తోంది ప్రతిసారీ. ల్యాబ్ మార్చినా అంతే.

ఓరుగల్లు_ప్రింట్స్ | మంగళవారం ఉదయం 9:41

ల్యాబ్ మార్చినా అదే వస్తుందంటే తప్పు మానిటర్‌ది. ఫుల్ బ్రైట్‌నెస్‌ల చదరపు మీటరుకి 250, 300 క్యాండెలాలు (స్క్రీన్ వెలుతురు కొలత) కొడతది. ప్రింట్ సరిచూసే మానిటర్ 80 నుంచి 120 మధ్య ఉండాలె, 6500 కెల్విన్, గామా 2.2, క్యాలిబ్రేటర్‌తో. ఆ పరికరం రెండు మూడు పెద్ద ప్రింట్లు మళ్లీ వేయించిన ఖర్చుల వచ్చేస్తది. తర్వాత పేపర్ ఐసీసీ ప్రొఫైల్ (ఆ పేపర్ మీద రంగులు ఎట్ల వస్తయో చెప్పే ఫైలు) పెట్టి సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింట్ ఎట్లుంటదో స్క్రీన్ మీదనే, చూడండి. ప్రింట్ వేసేటప్పుడు రంగుల పెత్తనం ఒక్కరికే ఇయ్యాలె. ఫొటోషాప్‌కి ఇస్తే డ్రైవర్‌ల ఆఫ్. రెండూ ఆన్ ఉంటే ముఖాలు ఎర్రబారుతయి.

ఇంకొకటి: 12×18 వేసే ముందు అసలు సైజులోనే ముఖం, చీర అంచు, చీకటి మూల, ఈ మూడు ముక్కలు కత్తిరించి ఒకే 8×12 షీట్ మీద పెట్టి, పక్కనే కొంచెం లైట్ చేసినవి కూడా పెట్టి వేయండి. ఒక్క షీట్‌తో తేలిపోతది. ఫైలుని చిన్నగ చేసి 4×6 టెస్ట్ వేస్తే గ్రెయిన్ గురించి, షార్పెనింగ్ గురించి ఏమీ తెల్వదు.

బెజవాడ_బైండింగ్ | మంగళవారం ఉదయం 11:15

అసలు ప్రశ్న గిట్టుబాటు గురించి కదా, ఆ సంగతి రాస్తాను.

నెగటివ్ పని ఖర్చు రిజల్యూషన్‌లో లేదు, చేతిలో ఉంది. పెట్టెలోంచి తీయడం, దులపడం, హోల్డరులో బిగించడం, ఫ్రేమ్ సరిచేయడం, తిరిగి కవర్లో పెట్టి నంబరు వేయడం. 1200లో చేసినా 4000లో చేసినా ఈ శ్రమ అంతే. ఇప్పుడు పోస్ట్‌కార్డ్ సైజుకి సరిపడా స్కాన్ చేసి, రెండేళ్లకి అదే కుటుంబం 12×18 అడిగితే మొత్తం పని మళ్లీ చేయాలి, పైగా ఆ లోపు నెగటివ్ మీద ఇంకో గీత పడి ఉండొచ్చు. ఒక్కసారి ఫిల్ములో ఉన్నదంతా లాగేస్తే, తర్వాత వచ్చే ప్రతి ఆర్డర్‌కీ ఖర్చు పేపర్, ఇంకు, ఫ్రేము మాత్రమే. లాభం రెండో ఆర్డర్ నుంచి మొదలవుతుంది. పాత ఫొటోలకి రెండో ఆర్డర్ దాదాపు ఖాయం, ఒక అన్నయ్య ఇంట్లో ఫ్రేమ్ చూస్తే మిగతా అక్కాచెల్లెళ్లందరూ అడుగుతారు. అమెరికాలో ఉన్న పిల్లలకైతే ఫైలు పంపితే అక్కడే వేయించుకుంటారు, మీకు ఫైలు డబ్బులు వస్తాయి.

అలాగని పెట్టెలన్నీ హైలో స్కాన్ చేయించేస్తే తడిసి మోపెడవుతుంది. ముందు లైట్ టేబుల్ మీద ఒక్కో నెగటివ్ షీటుని కెమెరాతో ఒకే షాట్‌లో తీసి, ఇన్వర్ట్ చేసి (నలుపు తెలుపు తిప్పి), కాంటాక్ట్ షీట్లు (చిన్న బొమ్మల పట్టికలు) తయారు చేయండి. వాటిని చూసి కస్టమర్ ఎంచుకున్నవే హైలో. బూజు, వాసన పట్టినవి మాత్రం ఎవరూ అడగకపోయినా వెంటనే.

బిల్లులో మూడు వరసలు వేరుగా వేయండి: శుభ్రం చేసి స్కాన్ చేసినందుకు ఫ్రేముకి ఇంత, రీటచింగ్‌కి గంటకి ఇంత, ప్రింటుకి సైజుని బట్టి ఇంత. అన్నీ కలిపి ఒకే రేటు చెబితే చిరిగిన ఫొటోతో వచ్చినవాడి పనికి మంచి నెగటివ్‌తో వచ్చినవాడు డబ్బు కట్టినట్టు. 8×12 సైజులో మామూలు స్కాన్‌ది ఒకటి, మంచి స్కాన్‌ది ఒకటి పక్కపక్కన కౌంటర్ మీద పెట్టండి. రేటు గురించి వాదన ఉండదు.

చీకటిగది | మంగళవారం మధ్యాహ్నం 12:04

బెజవాడ_బైండింగ్ గారితో ఒక్క చోట విభేదిస్తాను. ఎంచుకున్నవే అంటే పెళ్లిళ్లు, పోర్ట్రెయిట్లు మాత్రమే మిగులుతాయి. వీధులు, బడి గ్రూప్ ఫొటోలు, తిరునాళ్లు, నాటకాల స్టేజీలు ఎవరూ అడగరు. కానీ ఊరి చరిత్ర వాటిలోనే ఉంది. సికింద్రాబాద్ స్టూడియోలో రాజా దీన్‌దయాళ్ తీసిన గాజు నెగటివ్‌లు నిలిచాయి కాబట్టే ఆరో నిజాం నాటి హైదరాబాద్ ఎలా ఉండేదో ఇప్పుడు చూడగలుగుతున్నాం. ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో అలాంటివి 2,857 కొని భద్రపరిచింది. కాకినాడకీ అలాంటి పెట్టెలు ఉండాలి కదా. వారానికి ఒక షీటు చొప్పున చేసినా చాలు.

హక్కుల మాట కూడా. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. నెగటివ్ మీ బీరువాలో ఉన్నా సరే, ఇన్‌స్టాలో పెట్టే ముందు కుటుంబాన్ని అడగండి.

నెల్లూరు_నెగటివ్ | మంగళవారం మధ్యాహ్నం 12:50

‘వాసన’ అన్నారు కాబట్టి: పెట్టె తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఎసిటేట్ బేస్ (ఫిల్ము ప్లాస్టిక్) కుళ్లిపోతోందని అర్థం. వాటిని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి, ఆ ఆవిరి పక్కవాటిని కూడా పాడు చేస్తుంది. ఫిల్ము వంకర తిరగక ముందే స్కాన్ చేయాలి. పీవీసీ కవర్లు తీసేసి పాలీప్రొపిలీన్‌వి గానీ ఆమ్లం లేని కాగితపువి గానీ వాడండి. సముద్రం పక్కన తేమ 60 శాతం దాటితే బూజు గ్యారంటీ. మూత బిగుతుగా ఉన్న డబ్బా, సిలికా జెల్, లోపల చిన్న తేమ మీటరు, 30 నుంచి 50 మధ్య ఉంచండి. జెల్ రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

ఫైళ్లు: ముట్టని మాస్టర్ టిఫ్ ఒక ఫోల్డర్, రీటచ్ చేసింది ఇంకోటి, ప్రింట్‌కి పంపింది మూడోది. రెండు హార్డ్ డిస్కులు, ఒకటి స్టూడియో బయట.

కాకినాడ_క్లిక్స్ | మంగళవారం సాయంత్రం 4:18

120 నెగటివ్‌లకి మంచి ఫ్లాట్‌బెడ్, 35 ఎంఎం బ్లాక్ అండ్ వైట్‌కి కెమెరా, గీతలున్న 35 ఎంఎం కలర్‌ని మాత్రం హై రేటుకి బయట ఇవ్వడం. ఇలా అనుకుంటున్నాను. చివరగా, 35 ఎంఎం నుంచి 20×30 ఒప్పుకోవచ్చా?

లైట్‌టేబుల్ | మంగళవారం సాయంత్రం 4:55

4000 పీపీఐ స్కాన్ 30 అంగుళాలకి సాగితే అంగుళానికి 189 పడతాయి. సోఫా వెనక గోడ మీద, ఐదారు అడుగుల నుంచి చూసే ప్రింటుకి అది చాలు. కానీ ముందు నెగటివ్ చూడండి. కెమెరా కదిలిందో, ఫోకస్ తప్పిందో ఉంటే ఏ స్కానరూ బాగు చేయలేదు, వాళ్లకి 12×18 దగ్గర ఆగమని చెప్పండి. గ్రెయిన్‌ని పూర్తిగా తుడిచేయకండి, పెద్ద ప్రింటులో చర్మం ప్లాస్టిక్‌లా అవుతుంది. గ్రెయిన్ ఉంటేనే దూరం నుంచి షార్ప్‌గా అనిపిస్తుంది. షార్పెనింగ్ సైజు మార్చాక, ఆఖర్న, ఒక్కసారే.

ఓరుగల్లు_ప్రింట్స్ | మంగళవారం సాయంత్రం 5:30

ఫ్రేమ్ కట్టే ముందు ఇంక్‌జెట్ ప్రింటుని కనీసం ఒక రోజు ఆరనియ్యాలె, మీద మామూలు తెల్ల కాగితం కప్పి. తొందరపడి గాజు వెనక బిగిస్తే లోపలి నుంచి ఆవిరి పట్టి గాజు మసకబారుతది, కస్టమర్ ప్రింట్ పాడైందని తిరిగొస్తడు. ప్రింటు గాజుకి అంటకుండ మధ్యల ఆమ్లం లేని మౌంట్ బోర్డు పెట్టియ్యున్రి. తేమకి అంటుకున్న ప్రింటు గాజు నుంచి ఊడి రాదు. ఎండ నేరుగ పడే గోడకి వద్దని కూడా వాళ్లకు ముందే చెప్పున్రి.